వెర్లిన్ చేసిన గేర్‌బాక్సు వైద్యం

వెర్లిన్ స్టకీ బుద్ధెరిగాక మెకానిక్ చేతిలో ఒక్క డాలరు పెట్టి ఎరగడు. ఇండియానాలోని ఆ చిన్న ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. తెలియనివాళ్ళకి ఆయనే చెబుతాడు. టైర్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. శనివారం వచ్చిందంటే ఇంటి ముందు వాలులో ఏదో ఒక బండి కిందనుంచి ఆయన కాళ్ళు కనబడాల్సిందే. తల ఏం చేస్తోందో మాత్రం ఎవరికీ తెలియదు.

ఈసారి ఆయన దూరింది భార్య నడీన్ బండి కిందికి. సోమవారం నుంచి ఆమెకి పల్లెదారుల్లో టపా పంచే ఉద్యోగం. బండి సొంతదే తెచ్చుకోవాలి. అక్కడి బండ్లకి స్టీరింగు ఎడమవైపు, ఇళ్ళ ముందు ఉత్తరాల పెట్టెలు రోడ్డుకి కుడివైపు. అందుకని కుడి సీట్లో కూర్చుని, ఎడమ కాలు అవతలికి చాచి బ్రేకు తొక్కుతూ, కుడి కిటికీలోంచి పెట్టెల్లో ఉత్తరాలు పడేయాలి. ఆటోమేటిక్ గేర్లు లేకపోతే ఆ విన్యాసం సాగదు. ఏడింటికి బండితో రాకపోతే పని జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. యాభై రెండేళ్ళ వయసులో పరీక్ష రాసి తెచ్చుకున్న పని అది.

"రోజుకి ఐదొందలసార్లు ఆగి కదలాలి. ఆ మాడిపోయిన ఆయిల్‌తో గేర్‌బాక్సు ఎన్నాళ్ళు బతుకుతుందే?" అన్నాడు వెర్లిన్. ఆ మాట నిజమే. ఆ రోజు ఆయన చెప్పినవాటిలో నిజం అదొక్కటే.

పని శ్రద్ధగానే మొదలుపెట్టాడు. గేర్‌బాక్సు అడుగున రేకు తట్ట విప్పితే పాత ఆయిల్ సగం పళ్ళెంలోనూ, సగం ఆయన మెడమీదా పడింది. ఫిల్టరు మార్చాడు. పొడుగు గరాటు పెట్టి ఎర్రటి కొత్త ఆయిల్ నాలుగు డబ్బాలు పోశాడు. ఇంజిను ఒకసారి నడిపి, ఆపేసి, ఆయిల్ మట్టం కొలిచే కడ్డీ, అదే డిప్‌స్టిక్, లాగి చూశాడు. ఆయిల్ గీత దాటి రెండంగుళాలు పైనుంది.

బీరు తాగుతూ చూస్తున్న బావమరిది డెల్బర్ట్, ఎక్కువైతే నురగ కడుతుందని భయపెట్టాడు. బండితోపాటు ఇచ్చిన పుస్తకం లోపలే ఉంది, ఒకసారి చూడమంది నడీన్. పుస్తకాలు పని రానివాళ్ళకోసం రాస్తారని వెర్లిన్ సెలవిచ్చి, తట్ట బోల్టులు వదులుచేసి, ఆయిల్ సరిగ్గా గీతకి దిగేదాకా కార్చేశాడు.

తర్వాత గేరు వేస్తే ఇంజిను అరిచింది. బండి మాత్రం అంగుళం కదల్లేదు.

ఇరుగుపొరుగు మగవాళ్ళు నలుగురూ చేరి, ఇంకో రెండు బీర్లు అయ్యేసరికి గేర్‌బాక్సు చచ్చిపోయిందని తేల్చేశారు. వెర్లిన్ పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. భార్య ఉద్యోగం తానే మింగేశానని ఆయనకి అర్థమైంది.

ఆదివారం చర్చి నుంచి రాగానే నడీన్ మంచి గౌను మార్చుకోకుండానే పుస్తకం తెరిచింది.

"ఆయిల్ చూసేటప్పుడు ఇంజిను నడుస్తుండాలంట. వేడెక్కాలంట. బండి చదునైన చోట ఉండాలంట. గేర్లన్నీ ఒకసారి తిప్పి, పార్కు గేరులో పెట్టి చూడాలంట. నువ్వేమో ఇంజినాపి, ఈ వాలులో చూశావు."

ఇంజిను ఆగితే లోపల తిరిగే ఆయిల్ తట్టలోకి దిగి లేని ఎక్కువ చూపిస్తుందని, ఆయిల్ తక్కువైతే గేరు పట్టదని కూడా అందులోనే ఉంది. అచ్చుతప్పేమోనని వెర్లిన్ పుస్తకం తీసుకుని మరోసారి చదివాడు.

ఇద్దరూ బండిని నెమ్మదిగా చదునుగా ఉన్న వీధిలోకి దొర్లించారు. నడీన్ ఇంజిను నడిపి, గేర్లు తిప్పి, డిప్‌స్టిక్ తీసింది. పొడిగా ఉంది. కొంచెం పోసింది, తుడిచి చూసింది, మళ్ళీ పోసింది. వేడెక్కాక ఇంకొంచెం. గరాటు పట్టుకునే బాధ్యత వెర్లిన్‌ది. ఆ తర్వాత ఆమె కుడి సీట్లోకి జరిగి, ఎడమ కాలు చాచి గేరు వేసింది. బండి కదిలింది. వీధిలో ప్రతి పెట్టె దగ్గరా ఆగుతూ చివరిదాకా వెళ్ళొచ్చింది.

సోమవారం ఆరున్నరకి ఆమె వెళ్ళిపోయాక వెర్లిన్ కాఫీ హోటలుకి వెళ్ళాడు. బండి ఎలా బతికిందని అక్కడ చేరిన డెల్బర్ట్, పొరుగువాళ్ళు అందరూ ఒకేసారి అడిగారు. అబద్ధం నోటిదాకా వచ్చింది. నడీన్ మంచి గౌనుకి అంటిన ఎర్రటి మరక గుర్తొచ్చి ఆగాడు.

"పాడుచేసింది నేను. బాగుచేసింది మా ఆవిడ," అన్నాడు.

డెల్బర్ట్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"నా ట్రక్కు కూడా ఈమధ్య గేరు మారేటప్పుడు కుదుపుతోంది బావా. అక్క ఒకసారి చూస్తుందేమో అడుగుతావా?"

"ఆదివారం దాకా కుదరదు. ఆవిడ ఉద్యోగస్తురాలు," అన్నాడు వెర్లిన్.