ఓవెన్లో ఉడికిన కారు మూత

ఆ రోజుల్లో నాకు ఎవరిమీద కోపమొచ్చినా డైరీలో రెండు పేజీలు దులిపేసి, ఎదురుపడితే మాత్రం తలూపేదాన్ని. కోయిలకుంట్లలో మా ఇంటికి ఓవెన్ వచ్చినప్పుడు అవ్వ పెట్టిన షరతు ఒక్కటే: అందులోకి గుడ్డు పోకూడదు. సరేనని గుడ్డు లేని కేకులు నేర్చుకున్నాను. కొన్ని నెలలు ఇంట్లోవాళ్ళే తిన్నాక (నమిలారు అనడం న్యాయం) పక్కింటి అత్త తన మనవరాలి మొదటి పుట్టినరోజుకు కేకు చేయమంది. అదే నా తొలి ఆర్డరు.

సరిగ్గా ఆ పుట్టినరోజు ఉదయమే అన్న తన పాత కారు ఇంజిన్ మీద బిగించే మూరెడు మూత పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. దాని నిండా ఎర్రటి రంగు పొడి. ఓవెన్లో పెడితే ఆ పొడి కరిగి, పెయింటు కన్నా గట్టిగా పట్టుకుంటుందట. పౌడర్ కోటింగ్ అంటారట. వీడియోలో చూశాడట. అరగంట చాలట. నేను ఆశగా అవ్వ వైపు చూశాను. గుడ్డునే రానివ్వని మనిషి కారు సామాను రానిస్తుందా?

"ఇనుములో గుడ్డు యాడుండాది? పెట్టుకోనీలే పాపా" అంది అవ్వ. పైగా బండి సామానును బొట్టు లేకుండా పొయ్యిలోకి పంపకూడదని, అన్న అటు తిరగగానే మూతకు పసుపు కుంకుమ అద్దింది. వేలు తగిలిన చోటల్లా పొడి రాలింది. అన్న అదేమీ చూసుకోకుండా (చూసుకుంటే మా అన్న ఎందుకవుతాడు) లోపలికి తోసేశాడు.

అరగంటకు ఇల్లంతా ప్లాస్టిక్ కాలిన వాసన. మూత మీద అవ్వ మూడు వేళ్ళూ శాశ్వతంగా అచ్చుపడ్డాయి. అన్న పొడి అమ్మినాయనకు ఫోన్ చేసి, ఆయన చెప్పింది విని, నా వైపు తిరిగాడు. "ఇంక దీంట్లో తినేటివి చేయగూడదంటమ్మా. ఏమనుకోవాక."

"మరి కేకు?"

"నా మూత చూడు ఎట్లయిందో" అన్నాడు.

అరవాల్సింది. గదిలోకి వెళ్ళి అత్తకు నాలుగు పేజీల క్షమాపణ రాశాను, "క్షంతవ్యురాలను" అని ముగిస్తూ. తీసుకెళ్ళి ఇస్తే అత్త గుమ్మంలోనే నిలబడి చివరిదాకా చదివింది. "ఇంత రాసే బదులు నోటితో చెప్పుంటే అయిపోతుండె కదా పాపా. కుక్కర్లో ఉప్పు పోసి చేయి. మేమట్లే చేస్తాంటిమి" అంది. చేశాను. ఒక పక్క మాడింది. ఆ చంటిది మిగతా పక్కను రెండు చేతులా పూసుకుని తింది.

మొన్న అన్న ఇంకేదో భాగంతో నా కొత్త ఓవెన్ ముందు నిలబడితే, "తీసుకుపో అన్నా" అన్నాను. తీసుకుపోయాడు, అంతే. తప్పు అన్న చేసినా క్షమాపణ తనదే అనుకున్న అప్పటి పిల్ల తలపుకొచ్చి నవ్వుకున్నాను. కానీ అంత చక్కని తెలుగు ఇప్పుడు నాకు రాదు.