మొగలిపొద ముందు మా పిన్ని

నా చిన్నప్పుడు శ్రావణం వచ్చిందంటే మా ఊళ్ళో ఏ ఇంట్లో ఏం వండినా మొగలిపూల వాసనే వేసేది. మా తాతయ్య మజ్జిగపులుసు కలుపుకుంటూ ఇందులో అత్తరు పోసిందెవరని కేకలేసిన రోజులున్నాయి. గోదావరికి అవతల జొన్నాడలో పడవ తీసిన సరంగు కళ్ళు మూసుకుని, ఆ వాసన వెంటే వచ్చి మా రేవులో కట్టేవాడని చెప్పుకునేవారు. నేను చూడలేదు గానీ, అబద్ధమని కూడా ఎవరూ రుజువు చెయ్యలేదు.

ఆ వాసనంతా సత్రం తోటది. ఆనకట్ట లేచాక మా వైపు కాలువ కొత్తగా పారుతున్న రోజులవి. కాలువగట్టున ఒక జమీందారిణి బాటసారులకని సత్రం కట్టించి, వెనకాల పూలతోట వేయించింది. దానికి తలుపు లేదు. ఎవరైనా వచ్చి కూచోవచ్చు. రాలిన పూలు పిల్లలవి, కొమ్మనున్నవి దేవుడివి. నేను చెప్పే ఏడాది వానలు ముందుగా పడ్డాయేమో, జాజులు పందిరిని కిందకి వంచేశాయి. నూరువరహాల గుత్తులు ఒక్కొక్కటీ మా బాబాయి తలపాగా అంత ఉండేవి. పొగడచెట్టు కింద నడిస్తే నేల కనిపించేది కాదు. దాని పక్కనే మొగలిపొద, ఏనుగు దూరితే తోక కూడా బయటికి కనిపించనంత.

తోటలో దేవుడి వాటా కోసుకునే హక్కు ఒక్కరికే ఉండేది. ఊళ్ళో సీమంతం జరగబోతుంటే, ముందురోజు ఆ కడుపుతో ఉన్న అమ్మాయి స్వయంగా వచ్చి, తన జడకి ఏ పువ్వు కావాలంటే అది కోయించుకోవచ్చు.

ఆ ఏడు ఆ వంతు మా పిన్నిది, అంటే మా బాబాయి భార్యది. అంతకుముందు ఏడాది ఆవిడకి కడుపు నిలవలేదు. ఆ దుఃఖం మా ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు గానీ, ఈసారి ఏడో నెల వచ్చేసరికి మా మామ్మ ఆవిణ్ణి గాజుబుడ్డిలా చూసేది. గట్టిగా తుమ్మాలన్నా మామ్మ సెలవు తీసుకోవాలి. వీధిలో ఎడ్లబండి వెళితే మామ్మ బయటికి పరిగెత్తి, చక్రాలు చప్పుడు చెయ్యకుండా తిప్పమని బండివాణ్ణి తిట్టేది. అటువంటిది, తోటకి మాత్రం పంపక తప్పలేదు. పిన్ని మొగలిరేకుల జడ కావాలంది. ఆవిడ నోరు తెరిచి అడిగిన కోరిక అదొక్కటే.

ఊరు ఊరంతా వెంట వచ్చింది. పెద్దవాళ్ళు జాజిపందిరి దగ్గర బేరాలాడుతున్నట్టు పూల మంచిచెడ్డలు తేలుస్తుంటే, నేను నా వాటా పొగడపూలు ఏరుకుంటూ, ఒంగి ఒంగి మొగలిపొద అంచుకి చేరాను. పొదలోకి లోపలికంటా పూలు రాలి ఉన్నాయి. పాకుతూ వెళ్ళాను. తిరిగి చూసేసరికి, నేను వచ్చిన దారిలో నాగుపాము పడగెత్తి ఉంది.

పడగ మా ఇంట్లో చేటంత. చేటలో సగమే ఉంటుందని తరవాత చాలామంది వాదించారు గానీ, వాళ్ళెవరూ నేను కూచున్నచోట కూచోలేదు. నా వెనకా పక్కలా మొగలాకుల ముళ్ళు. ముందు అది. నన్ను ముందుగా చూసిన తోటమాలి కేకేశాడు, ఆ కేకకి కాలువలో పడవలు ఆగిపోయాయి.

అందరూ ఒక్కసారి పరిగెత్తుకొచ్చారు. నేల అదిరింది. పాము మరికాస్త లేచింది. ఎవరో మట్టిపెళ్ళ విసిరారు. అది బుస్సుమని నా వైపు తిరిగింది. ఆ బుస నా మోకాలికి వెచ్చగా తగిలిందని ఇప్పటికీ చెబుతాను.

మా బాబాయి కర్ర పట్టుకుని ముందుకి దూకాడు. మా చుట్టుపక్కల ఏ ఊళ్ళో పాము కనిపించినా ఆయనకే కబురొచ్చేది. కర్ర ఎత్తాడు. వెనకనుంచి మా తాతయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరేయ్, నువ్వు కొట్టకూడదురా! నీ పెళ్ళాం వట్టిమనిషి కాదు!"

భార్య కడుపుతో ఉండగా భర్త పాముని చంపితే బిడ్డకి దోషమని మా వాళ్ళ నమ్మకం. బాబాయి నా వంక చూశాడు, పిన్ని వంక చూశాడు. ఎత్తిన కర్ర అలాగే గాలిలో ఉండిపోయింది. ఆయన మొహం చెమటతో తడిసిపోవడం నాకు ఆ ఆకుల సందులోంచి కనిపించింది.

"పోనీ మీరు కొట్టండి," అని తాతయ్య చుట్టూ చూశాడు. అప్పుడు తెలిసింది మా ఊళ్ళో ఎంతమంది ఆడవాళ్ళు కడుపుతో ఉన్నారో.

"మా ఇంట్లో కూడా అంతేనండి, నిన్ననే తెలిసింది," అన్నాడొకాయన.

"మాదీ అంతేనండీ, ఆయ్," అన్నాడు షావుకారు.

"నీ పెళ్ళానికి మనవలున్నారు కదయ్యా!" అంది ఎవరో ముసలావిడ.

"దైవ నిర్ణయమండి, మనమేం చెప్పగలం?"

రాజోలు నుంచి పాములవాణ్ణి పిలిపిద్దామన్నారు. అతను వచ్చేసరికి నాకు పెళ్ళీడు వస్తుంది. పొదకి నిప్పు పెడదామన్నారు, లోపల నేనున్న సంగతి మరిచిపోయి. అరుపులు పెరిగినకొద్దీ పాము ఊగుతోంది. ఊగినప్పుడల్లా నాకు దగ్గరవుతోంది.

అప్పుడు షావుకారే అన్నాడు. "కడుపుతో ఉన్న మనిషి ఎదటికొస్తే పాముకి కళ్ళు కనబడవంటారండి. అమ్మాయిగారు ఓసారి అలా నిలబడితే..."

మా మామ్మ అతన్ని కొట్టడానికి చెయ్యెత్తింది. పిన్ని మామ్మ చేతిని నెమ్మదిగా దించింది.

"నేను వెళతానండి అత్తయ్యగారూ. కానీ నా ముందూ వెనకా ఇంకెవరి నీడా ఉండకూడదట. ఉంటే దానికి చూపు తిరిగొచ్చేస్తుందట. అందరూ కాలువగట్టు దాకా వెళ్ళిపోండి. కూచోండి. ఎవరూ అడుగు కదపకూడదు, ఆయ్."

ఆ నీడ సంగతి ఎవరూ ఎప్పుడూ వినలేదు. అయినా అప్పటిదాకా ముందుకి తోసుకొచ్చిన ఊరు, ఆ మాటతో వెనక్కి తోసుకుంటూ పోయింది. మామ్మని బాబాయి ఎత్తుకుని తీసుకెళ్ళవలసి వచ్చింది.

తోట నిశ్శబ్దమైపోయింది. పిన్ని నాలుగు బారల దూరంలో, పొదకి కాస్త పక్కగా, పాముకి పోయే దారి వదిలి, పొట్ట పట్టుకుని మెల్లగా నేలమీద కూచుంది. ఇంకేమీ చెయ్యలేదు. మంత్రం చదవలేదు, దణ్ణం పెట్టలేదు. "అమ్మడూ, నన్నే చూడు. ఊపిరి మాత్రం తీసుకో," అంది, అన్నం తినమన్నంత మామూలుగా.

ఎంతసేపో నాకు తెలియదు. పూలు మొగ్గ తొడిగి, విచ్చి, వాడిపోయేంత సేపని నాకనిపించింది. పడగ కొంచెం వంగింది. మళ్ళీ లేచింది. మళ్ళీ వంగింది. చివరికి నీళ్ళు జారినట్టు నేలమీదకి జారి, పిన్ని వదిలిన పక్కనుంచి మొగలి వేళ్ళలోకి పోయింది. తోక కనుమరుగయ్యాక కూడా ఆవిడ కదలలేదు, నన్ను కదలనివ్వలేదు. ఆ తరవాత చెయ్యి చాపింది. నేను ఆ చేతిలోకి వచ్చి పడ్డాను.

"పాముకి కళ్ళు పోయాయి!" అంటూ ఊరంతా పరిగెత్తుకొచ్చింది. షావుకారు ఆ ఆలోచన తనదేనని కనబడినవాళ్ళకల్లా చెప్పుకున్నాడు. మా మామ్మ మమ్మల్నిద్దర్నీ ఒకే కొంగులో చుట్టేసి, ఏడుస్తూ ఇంటిదాకా నడిపించింది.

దారిలో నేను అడిగాను. "పిన్నీ, పాముకి నువ్వు కనబడలేదా?"

"బాగానే కనబడ్డానే. నా కళ్ళలోకే చూసింది. చుట్టూ గోల ఆగింది, దారి దొరికింది, పోయింది."

"మరి అందరూ..."

"ఊరికే జరగమంటే జరుగుతారేంటే? అందుకని అలా చెప్పేను. కానీ నువ్వు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు. లేకపోతే రేపు ఇంకెవరో కడుపుతో ఉన్న పిల్లని పాము ముందుకి తోసేస్తారు."

మర్నాడు సీమంతం జరిగింది. కార్తీకంలో మా తమ్ముడు పుట్టాడు, అవతలి ఒడ్డుకి వినబడేలా ఏడుస్తూ.

ఇన్నేళ్ళకీ పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుతారు. పాముకి రెండు పడగలొచ్చాయి, తరవాత అయిదు వచ్చాయి. నేను వాటిని అడ్డుకోను, ఒక పడగ నేనే తగిలించానేమో కూడా. కానీ కథ గుడ్డిపాము దగ్గరికి రాగానే వాళ్ళ మాటకి అడ్డం వెళతాను. వినేవాళ్ళలో కడుపుతో ఉన్న పిల్ల ఉంటే, ఆమె వైపు తిరిగి చెబుతాను. ఆ పాముకి మా పిన్ని కనబడింది అమ్మా. కనబడుతోందని ఆవిడకీ తెలుసు. తెలిసే కూచుంది.