హిసనో చేసిన రెండు గుండెలు

హోటళ్ల అద్దాల వెనక నోరూరిస్తూ కూర్చునే ఉత్తుత్తి నూడుల్సు, ఉత్తుత్తి రొయ్యలు రబ్బరుతో చేయడంలో గుజో ఊళ్లో హిసనోని మించిన చెయ్యి లేదు. ఆమె చేసిన చేపను పక్కింటి పిల్లి ఎత్తుకుపోయి, కొరికి చూసి, అలిగి వారం దాకా ఆ గడప తొక్కలేదు. హిసనోకి తెలిసిన ధర్మం ఒక్కటే: సరుకు తాజాగా కనిపించాలి. వాడిపోయినదాన్ని చేసిపెట్టమని ఆమెను అడిగిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. మినోవా డాక్టరు వచ్చాకే ఆ ముచ్చటా తీరింది.

మినోవా నగరంలో పసిపిల్లల గుండెలకు ఆపరేషన్లు చేసే మనిషి. ఒక పాప స్కానింగ్ బొమ్మల్ని బట్టి యంత్రం పోసిన గుండె నమూనాను పట్టుకొచ్చాడు. సుద్దముక్కలా తెల్లగా, గట్టిగా ఉంది. పసిపిల్ల పిడికిలంత ఉంది. పైభాగం మూతలా తీస్తే లోపలి గోడ కనిపిస్తుంది.

"దీనికి మీరు రంగు, మెత్తదనం ఇవ్వాలండీ. తెరమీద ఎన్ని బొమ్మలు చూపించినా ఈ పాప తల్లి నమ్మట్లేదు. ఈ మబ్బులు మా పాప కాదంటోంది. పాప నవ్వుతోందిగా, కోతెందుకు అంటోంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు పాడైపోతాయి. తర్వాత కోద్దామన్నా కొయ్యలేం."

ఆ మాటకు హిసనో కరిగింది. అదే ఆమె చేసిన పొరపాటు. అచ్చు తీసింది, మెత్తటి రబ్బరు పోసింది, నిగనిగలాడే ఎరుపు వేసి పంపింది. అందిన రోజే డాక్టరు ఫోను.

"పూడ్చేశారేంటండీ!"

"ఏం పూడ్చాను?"

"కన్నం! లోపలి గోడలో కన్నం! పాప జబ్బే అది!"

హిసనో నాలుక కరుచుకుంది. పోత పోశాక ఎక్కడ కన్నం కనిపించినా గాలిబుడగే. బుడగ కనిపిస్తే పూడ్చి నున్నగా రుద్దెయ్యాలి. ఆ పని ఆమె చేతులు ఆమెను అడిగి చెయ్యవు.

"ముందే చెప్పొచ్చుగా బాబూ."

"మూడుసార్లు చెప్పానండీ."

"నాకు చెప్పారేమో, నా చేతులకి చెప్పలేదు," అని ఫోను పెట్టేసింది.

రెండోది కన్నంతోనే చేసి పంపింది. మళ్లీ ఫోను. చెవిలో జోరీగ అంటే ఏమిటో హిసనోకి అప్పుడు తెలిసింది.

"ఇది మరీ నవనవలాడుతోందండీ. చూస్తే వాళ్లమ్మ, ఇంత బాగుంటే కోతెందుకంటుంది. ఇది అలిసిపోయిన గుండె కదా."

"అలుపుది ఏ రంగో మీ పుస్తకాల్లో ఉందా?"

"లేదండీ. అందుకేగా మీ దగ్గరికొచ్చాను."

అతనంత వినయంగా అనడంతో హిసనోకి ఇంకా మండింది. తిట్టడానికి కూడా వీల్లేని మనిషితో వేగడం కంటే కొరివితో తల గోక్కోవడం నయం. డాక్టరు తిప్పి పంపాక బల్ల మీదే పడి ఉన్న మొదటి గుండెను భర్త తొకుజో పండనుకుని ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నిన్నటి చేప రంగు వెయ్యవే," అన్నాడు.

"నోరు ముయ్యండి. నిన్నటి చేప నా బల్లెక్కదు."

అంది గానీ, మర్నాడు ఒక చేపను కొని, ఎండలో పెట్టి, మెరుపు ఎలా పోతుందో, ఒళ్లెలా ఉబ్బుతుందో పొద్దుగూకేదాకా చూసింది. తిరిగొచ్చిన రెండో గుండెకు ఆ రంగే వేసింది, ఒక పక్క ఉబ్బు తెచ్చింది. తన చేత్తో చేసిన చెడ్డ సరుకును మళ్లీ చూడకుండా గుడ్డలో చుట్టేసింది.

ఈసారి ఫొటో చూసి డాక్టరు ఒప్పుకున్నాడు. మీరే తెచ్చిస్తే మంచిదన్నాడు. బస్సులో నడుము విరగ్గొట్టుకుంటూ బయల్దేరిన హిసనో మొదటి గుండెను కూడా సంచిలో పడేసుకుంది. ఈ దండగ సరుకు ఆయన నెత్తినే కొట్టి రావాలని ఆమె పంతం.

డాక్టరు గదిలో పాపను ఒళ్లో పెట్టుకుని తల్లి చినత్సు కూర్చుంది. అలిసిన గుండెను అరచేతిలోకి తీసుకుని మూత తీసింది. చిటికెన వేలు కన్నంలో పెట్టింది. వేలు ఇవతల నుంచి అవతలకి వెళ్లిపోయింది.

"పాలు తాగుతూ చెమటలు పోసుకునేది ఇందుకేనా?"

డాక్టరు తలూపాడు. ఆమె వేలు వెనక్కి తీసుకుంది.

"కోశాక ఎలా ఉంటుందండీ?"

"ఒక పొర వేసి ఆ రెండు గదుల మధ్య..." అంటూ డాక్టరు తెర వైపు తిరిగాడు.

"మళ్లీ ఆ మబ్బులేనా!" హిసనో ఓపిక నశించింది. సంచిలోంచి మొదటి గుండెను తీసి బల్ల మీద పెట్టింది. "ఇలా ఉంటుందమ్మా!"

అన్నాక ఆమెకే భయమేసింది. తనకేం తెలుసని అంది? డాక్టరు వంక చూసింది. అతను ఆ గుండె మూత తీసి లోపలి గోడను తడిమాడు. పూడ్చిన చోట సన్నటి గీత తప్ప ఏమీ లేదు.

"అవునమ్మా. ఈవిడ పొరపాటున చేసింది మేం కావాలని చేస్తాం. అంతే."

చినత్సు వేలు పెట్టి చూసింది. దూరలేదు. గట్టిగా నొక్కింది. దూరలేదు. పాప ఆమె చొక్కా అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

"ముద్ర ఎక్కడ వెయ్యాలండీ?" అంది చినత్సు, ఆపరేషను ఒప్పుకోలు కాగితం దగ్గరికి లాక్కుని, సంతకానికి బదులు కొట్టే తన పేరు ముద్రను తీస్తూ. ముద్ర వేస్తున్నంతసేపూ ఆ పూడ్చిన గుండెను మాత్రం రెండో చేతిలోంచి దించలేదు.