అమ్మమ్మ వేసిన ఓటు

మొన్న ఉప ఎన్నికలో మీట నొక్కితే ఆ యంత్రం కుయ్యిమని చెవులు చిల్లులు పడేలా అరిచింది. ఓటు పడిందని ఊరంతా వినాలన్నట్టు! నాకు అమ్మమ్మ గుర్తొచ్చింది. పాపం, ఆమె ఓటుకి ఆ కూత ఉండుంటే ఎంత బాగుండేది.

తెల్లవాళ్ళ కాలంలో మా రేపల్లె వైపు నుంచి ఢిల్లీ సభకి గెలిచినాయన మద్రాసులో మంత్రయ్యాడట. అక్కడ మంత్రయితే ఢిల్లీ సీటు ఖాళీ కావడమేంటో, మళ్ళీ ఓట్లేంటో నాకిప్పటికీ అర్థం కాదు. ఆ ఖాళీలో అమ్మమ్మ వాళ్ళ అన్నగారు నిలబడ్డారు. తాతయ్యేమో బావమరిది మీద పంతంతో అవతలివాళ్ళ జెండా పట్టుకున్నాడు. శిస్తు కట్టేవాళ్ళకే ఓటు కనక, పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం పుణ్యమా అని అమ్మమ్మకీ ఒకటుంది. తాతయ్య బండి కట్టించి మరీ తీసుకెళ్ళి, ఎర్ర పెట్టెలో వెయ్యమన్నాడు. ఆమె లోపలికెళ్ళి, అన్నగారి పచ్చ పెట్టెకి దణ్ణం పెట్టుకుని, కాగితం దాని మీద భక్తిగా పెట్టి వచ్చేసింది. కన్నంలో వెయ్యాలని ఆమెకెవరు చెప్పారు గనక! దేవుడి ముందు పువ్వు పెట్టినట్టే పెట్టింది. తీరా లెక్కపెడితే తాతయ్యవాళ్ళ ఊళ్ళో అన్నగారికి సున్న. "తోడబుట్టింది కూడా వెయ్యలేదు" అని ఆయన మళ్ళీ మా గడప తొక్కలేదు. నిజం చెబితే తాతయ్య ఊరుకోడు. ముప్ఫయ్యేళ్ళు నోరు కుట్టేసుకుంది మా అమ్మమ్మ.

తాతయ్య పోయాక, అరవైల చివర్లో, బాపట్లలో అన్నగారు మంచాన పడ్డారని కబురొచ్చింది. నేనప్పుడు తెనాలిలో టీచర్ని. అమ్మమ్మ రేపల్లె బండి దిగి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఆయన పోయేలోగా చెప్పెయ్యాలే" అంది. బాపట్ల బండి గంటన్నర లేటు. ఓటు సంగతి నాకు అప్పుడే, స్టేషన్ బల్ల మీదే చెప్పింది, ఒకటికి మూడుసార్లు. కాఫీ ఇప్పిస్తే ముట్టుకోలేదు. "ఆ మహానుభావుడు మంత్రి కాకపోతే నాకు అన్నయ్య ఉండేవాడే" అని కళ్ళొత్తుకుంది.

అన్నగారు అంతా విన్నారు. "పోన్లేవే అమ్మాయ్. ఇప్పుడు బావ లేడుగా, ఏమైనా చెప్పొచ్చు" అన్నారు, కోపం లేకుండా. కోప్పడినా బాగుండేది.

"ఒట్టన్నయ్యా! నీ పెట్టె మీదే పెట్టాను" అని, అమ్మమ్మ నా వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పవే!"

ఏం చెప్పను? అప్పటికి నేను పుట్టనైనా లేదు. మూడోరోజు ఆయన పోయారు.

కాలం గడిస్తే నిజం దానంతటదే బయటపడుతుందని అమ్మమ్మ నమ్మింది. అది గడిచింది. గడిచి, ఆ నిజం ఎవరికి కావాలో వాళ్ళనే తీసుకుపోయింది.