ఎండకెత్తి చూపిన ఎక్స్‌రే

మా ఎక్స్‌రే మామ పోయారన్న కబురు నాకు కురిచేడు స్టేషనులో తెలిసింది. పొదిలిలో చెప్పవలసిన ప్రసంగం మానుకుని, చంకలో బైబిలుతోనే మార్కాపురం బండెక్కాను.

ఆయన నాకు రక్తసంబంధి కారు, మా పక్కింటివారు. చెన్నపట్నంలో పని నేర్చుకొచ్చి, మార్కాపురం ఆసుపత్రిలో ఇంజను తిప్పి కరెంటు పుట్టించుకుని మన ఎముకలకు ఫోటోలు తీశారు. పని నేర్చుకోను వచ్చినవాళ్ళకు ఆయన మొదటి పాఠం చిన్నది. ‘‘ఎముక కిరణాన్ని ఆపుతాది, తెల్లగా పడుతాది. ఊపిరి ఆపదు, నల్లగా పడుతాది. అంతే చదువు. మిగతాదంతా మర్యాద.’’

రొమ్ము ఫోటోకు మెడలో లోహం అడ్డు. పుస్తెలు తీయమంటే ఏ ఆడమనిషి తీస్తుంది? ‘‘పైకెత్తి పంటికింద పెట్టుకో తల్లీ’’ అని ఆయన గోడవైపు తిరిగేవారు. ‘‘ఈ ఉపాయం మా ఇంటాయనకు చెప్పొద్దు అన్నా, నా నోరు మూయనీకి రోజూ ఇట్లనే పెట్టుకోమంటాడు’’ అని ఒకామె అంటే, గోడవైపే నవ్వారు.

ఇక నా పాపం చెప్పుకోవాలి సోదరులారా. ఎండిన ఎముకలకు దేవుడు ఊపిరి పోసిన బైబిలు వాక్యం బోధించబోతూ, మామ గదిలోంచి ఒక రొమ్ము ఫిల్ము అడగకుండా తీసుకుపోయాను. తర్లుపాడు దగ్గర పట్టపగటి సభలో దాన్ని ఎండకెత్తి గర్జించాను. మూలన రాసిన పేరు నేను చూసుకోలేదు. పలకల గని మేస్త్రీ చూశాడు. అది వాళ్ళ గనిలో రాయి చీల్చే మనిషి పేరు. మర్నాడే అతన్ని పనిలోకి రావద్దన్నారు. క్షయ అన్నారు, కుండలో నీళ్ళు ముంచుకోనివ్వలేదు.

సంగతి తెలిసి మామ నిలదీస్తే, ‘‘వాక్యం కోసమే గదా మామా!’’ అన్నాను.

‘‘వాక్యానికి నీ రొమ్ము లేదా అల్లుడా? నీది తీస్తా, ఊరూరా సూపించుకో. ఆయప్ప నన్ను నమ్మి చొక్కా ఇప్పినాడు, నిన్ను కాదు. పద.’’

దారిలో ఆ మనిషినీ వెంటబెట్టుకుని, ఎండలో గనిదాకా నన్ను నడిపించారు. అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను.

మేస్త్రీ నన్ను వదిలేసి మామను పట్టుకున్నాడు. ‘‘అయితే ఆయప్ప రొమ్ములో ఏముందో నువ్వు చెప్పు.’’

‘‘అది ఆయప్పనడుగు. నేను చెప్పను.’’

రాళ్ళ చప్పుడు ఆగిపోయింది. చివరికి ఆ మనిషే అన్నాడు: ‘‘రాతి దుమ్ము పట్టింది మేస్త్రీ. క్షయ కాదంట, ఎవురికీ అంటదంట. నీ గనిలో దుమ్మే.’’

మేస్త్రీ తల వంచుకుని, ‘‘నీడన కూర్చోని పలకలకు చట్రాలు బిగించుకో’’ అన్నాడు. ఆ మనిషి నా వైపు చూడలేదు. ఆ తర్వాత కూడా చూడలేదు. అది నాకు తగినదే.

కిందటి నెల మంచంలో ఉన్న మామను చూడబోతే, దిండు కిందనుంచి ఒక ఫిల్ము తీసిచ్చారు. ‘‘ఇది నా చెయ్యి. సూపించమని నేనే చెప్తాండా. పసిబిడ్డలు కదలకుండా పట్టుకునేదానికి ఏండ్ల తరబడి కిరణంలో చెయ్యి పెట్టినా. కాలి పుండ్లయి, రెండు వేళ్ళు సగానికి కోసినారు. నేర్చుకునేటోళ్ళకు చెప్పు, చెయ్యి పెట్టొద్దని.’’

మట్టి చేసి వచ్చాక, ఆయన శిష్యులను ఆసుపత్రి వాకిట్లో నిలబెట్టి ఆ ఫిల్మును ఎండకెత్తాను. ప్రసంగం చెప్పలేదు. ఆయన చెప్పమన్న ఆ ఒక్క మాటే చెప్పాను. ఎముకల గుండా వెలుతురు దిగి నా చొక్కా మీద పడింది. రెండు వేళ్ళు పొట్టివైన తెల్లని చెయ్యి, నా రొమ్ము మీద, కొంచెం కదులుతూ.