ఎనిమిదో కుప్ప

మా అత్త ఓబులమ్మ ఎవరినీ నమ్మేది కాదు. నన్ను కోడలిగా తెచ్చుకున్నాక కూడా ఏడాదిపాటు నెయ్యి గిన్నె తన మంచం కిందే పెట్టుకుంది. శిరివెళ్ల పక్కన మా ఊళ్లో పత్తి తీసే ఆడవాళ్లకు ఆమే పెద్ద. ఆదినారాయణరెడ్డి చేలో మేమంతా ఆమె వెనకే సాళ్లు పట్టేవాళ్లం.

అప్పట్లో పత్తి తీసినందుకు డబ్బులిచ్చేవాళ్లు కాదు, పత్తిలోనే భాగం. పొద్దుగూకే వేళకు ఎవరు తీసిన పత్తి వాళ్లు గట్టు మీద ఎనిమిది కుప్పలు పెట్టాలి. పెట్టేది మేము, చూపించేది రెడ్డి. ఆయన చూపించిన కుప్ప మాది, మిగిలిన ఏడూ ఆయనవి. ఏది మనకొస్తుందో తెలీదు కాబట్టి ఏ కుప్పనూ తక్కువ పెట్టం. పెద్దలు తెలివిగా పెట్టిన పద్ధతే. మా అత్తకు అందులోనూ అనుమానమే. రెడ్డి నాసి కుప్పనే కనిపెట్టి చూపిస్తాడనేది. నాసి కుప్ప నువ్వెందుకు పెట్టావత్తా అని అడిగితే నా మీద కస్సుమనేది.

ఆ భాగాన్ని నంద్యాల తీసుకుపోయి సేటుకు అమ్మేవాళ్లం. ఆ సేటూ రెడ్డీ ఒకే అరుగు మీద కాఫీ తాగడం ఒకరోజు అత్త కంటబడింది. ఇక సేటు చెప్పే ధర మీద కూడా ఆమెకు నమ్మకం పోయింది.

యాభై ఐదులో ఓట్లొచ్చాయి. ఆళ్లగడ్డ నుంచి కూలి సంఘం సంజీవయ్య వచ్చి చావడి ముందు మాట్లాడాడు. ఆడమనిషికి రోజుకు రూపాయికి తగ్గకుండా ఇవ్వాలని సర్కారే కట్టడి చేయాలన్నాడు. మర్నాడు రెడ్డి మనుషులొచ్చి, కూలి పెంచితే సేద్యం గిట్టదు, చేలు బీళ్లు పడతాయి, ఆ పైన మీకు పనే ఉండదన్నారు. జనం మొహాలు చూశాక ఆ నోళ్లే మేమూ పెంచుతామన్నాయి. అత్త ఇద్దరినీ నమ్మలేదు. మా రూపాయితో నీకేం పని అని సంజీవయ్యను మొహాన్నే అడిగింది. నేనూ కూలోడి కొడుకునేనని ఆయన చెబితే, అదీ విచారించాలి అని ఇంటికొచ్చి అంది.

అయినా ఆమెకు రూపాయి మాట మనసున పడింది. దుడ్లు చేతిలో పడితే రెడ్డి వేలునూ, సేటు నోటినీ నమ్మే పని ఉండదు కదా. మమ్మల్నందరినీ వెంటేసుకుని పోయి, భాగం వద్దు, రూపాయి కావాలని రెడ్డిని అడిగింది. ఆయన అక్కడికక్కడే సరేనన్నాడు.

దారిలో అత్త మొహం మాడ్చుకుంది. "అంత బేగా ఒప్పుకున్న్యాడంటే ఏందో ఉంటాది."

ఉండనే ఉంది. కొత్త కూలి మొదలైన రోజు సాయంత్రం కుప్పల్లేవు. తీసిందంతా ఒకే రాశిగా పోశాం. రెడ్డి రూపాయల మూట పట్టుకుని గట్టు మీద నిలబడి, మా వైపు చూడకుండా అన్నాడు.

"ఒక్కొక్కరే వచ్చి ఒడి దులిపి పోండి. ఇంతకుముందు మీ భాగం మీకుండె. ఇప్పుడు పత్తంతా నాది."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ పాపం ఎరగని మా చేతులు కూడా ఒడి మీదికి పోయాయి. నాకు ఏడుపొచ్చింది, అంతకుమించి కోపమొచ్చింది. ఊరందరినీ అనుమానించిన మా అత్తను అంతవరకూ ఎవరూ దొంగనలేదు. ఆ పేరొక్కటే ఆమె ఆస్తి. రూపాయి అడిగి దాన్నే పోగొట్టుకుందా అనుకున్నాను.

అత్తే ముందు కదిలింది. పత్తి వేసుకునే చీర ఒడి విప్పి, కొసలు పట్టుకుని రెడ్డి కాళ్ల దగ్గర దులిపింది. ఎండుటాకొకటి రాలింది. చెయ్యి చాపి రూపాయి తీసుకుంది. పక్కనున్న బండ దగ్గరికి పోయి, దాని మీద రూపాయిని ఖంగుమని మోగించి చెవి ఒగ్గి విన్నది.

రెడ్డి మొహం కందిపోయింది. "ఏందీ, నేను సత్తు రూపాయి ఇస్తానా ఓబులమ్మా?"

"నా ఒడి మీద నీకు అనుమానమాయె. నీ రూపాయి మీద నాకు. రెండూ ఈడనే తేల్చుకుందాం అప్పా."

ఆమె వెనకే మేమంతా ఒడి దులిపాం, మేమంతా రూపాయి మోగించాం. రోజూ ఇదే. బండ మోత విని దారినపోయే బండ్లవాళ్లు ఆగి, రెడ్డి దొంగరూపాయలు ఇస్తున్నాడా అని అడగడం మొదలెట్టారు.

పదిరోజులు కూడా గడవకముందే రెడ్డి ఒడి దులపమనడం మానేశాడు. అందరం సంతోషపడ్డాం. మా అత్త మాత్రం ఆ రోజు కూడా రూపాయి మోగించి కొంగున ముడేసుకుంటూ అంది.

"ఎందుకు మానినాడో చూడల్ల."