టేపు రెండో కొస పట్టుకున్నదెవరు

ఎవరైనా దెయ్యాల మాట ఎత్తితే నేను మూడే అడుగుతాను. ఏ రోజు? ఎన్ని గంటలకు? పక్కన ఎవరున్నారు? ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పినవాళ్లు ఇంతవరకు నాకు తారసపడలేదు. అందుకే ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు చెప్పుకునే వంతు నాకే వచ్చింది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మంగళవారం. పగలు పదకొండుంపావు. పక్కన ఎవరూ లేరు. చిక్కంతా అక్కడే.

కాకినాడలో ఇంజినీరింగు ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు ట్రేసర్‌గా పనిచేశాను. భవనాలు కొలవడం, కాగితం మీదికి ఎక్కించడం నా పని. రిటైరయ్యాక ఆక్లాండ్‌లో అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. ఇల్లు ఆల్బనీలో. అమ్మాయి, అల్లుడు ఉద్యోగాలకు వెళ్లిపోతే ఇంట్లో నేనూ, హీటరూ.

ప్రవీణ్ మా అమ్మాయి స్నేహితుడు. వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చి ఇక్కడే సెటిల్ అయ్యాడు, బిల్డింగుల డ్రాయింగులు గీస్తాడు. సిటీలో ఒక పాత భవంతిని కాపాడాలని కొందరు వాలంటీర్లు పూనుకుంటే, సెలవు రోజుల్లో వాళ్లకు ఊరికే ప్లాన్లు గీసిపెడుతున్నాడు. "ఆంటీ, మా కూరల్లో ఉప్పు కొలిచే బదులు వచ్చి ఇల్లు కొలవండి" అన్నాడు. టేపు సంచిలో వేసుకుని బస్సెక్కాను.

రెండంతస్తుల ఇల్లు, అంతా ఇక్కడి అడవుల్లో పెరిగే కౌరి చెట్ల చెక్క. వరండా స్తంభాల పైన చెక్కనే లేసులా కోసి బిగించారు. ఏ గుమ్మం కొలిచినా పావంగుళం తేడా లేదు. కట్టినవాడెవరో గానీ చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. మొదట ఒక ధనిక కుటుంబం ఉండేదట. తర్వాత చాలా ఏళ్లు బోర్డింగ్ హౌసుగా నడిచింది. అప్పుడే పెద్ద గదులకు అడ్డంగా పలకలు కొట్టి, ఒకదాన్ని రెండు చేశారు.

ఇంటి ముందు భాగానికి రక్షణ ఇస్తామని, వెనక భాగంలో పాతదేమీ మిగల్లేదు కాబట్టి అది కూల్చుకోవచ్చని అధికారుల అభిప్రాయం. చివరి విచారణకు ఇంకా పదహారు రోజులుంది.

హెలెన్‌కు అదే దిగులు. ఆమెకు ఎనభై రెండేళ్లు, వాలంటీర్లలో అందరికన్నా పెద్దది. ఆమె తల్లి ఆ బోర్డింగ్ హౌసులో వంట చేసేది. వెనకవైపు సన్నటి మెట్లుండేవని, పొద్దున్నపూట వాటి మీద ఎర్రటి, నీలి వెలుగు పడేదని, అమ్మ ట్రే పట్టుకుని ఆ వెలుగులోంచి ఎక్కేదని హెలెన్ చెప్పేది. ఇప్పుడు అక్కడ మెట్లు లేవు. ఫొటో లేదు. చిన్ననాటి జ్ఞాపకం సాక్ష్యం కాదన్నారు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని.

ఆ మంగళవారం పైఅంతస్తులో వెనక గది కొలుస్తున్నాం. మధ్యలో పలకల అడ్డుగోడ, దాని కింద నాలుగంగుళాల సందు. ఆ సందులోంచి టేపు తోసి, కొస పట్టుకోమని హెలెన్‌ను అవతలి అరలోకి పంపాను. ఆ అరకు వేరే తలుపుంది. నేను ఇవతల గోడకు ఆనుకుని కూర్చున్నాను. ప్రవీణ్ కింద వంటింట్లో ఉన్నాడు.

మా ఆఫీసులో ఒక పద్ధతి. "పట్టారా?" అని అరిస్తే, అవతల కొస పట్టే చైన్‌మన్ టేపును రెండుసార్లు లాగాలి. అంటే కొస గోడకు ఆనింది, చూసుకోవచ్చు అని. అలవాటు కొద్దీ నేను తెలుగులోనే "పట్టారా?" అన్నాను. టేపు బిగిసింది. రెండుసార్లు లాగారు. ఇరవై ఏడడుగుల నాలుగంగుళాలు. ఏ కొలతైనా మూడుసార్లు చూడందే రాయను. మూడుసార్లూ అరిచాను, మూడుసార్లూ రెండేసి లాగుళ్లు, మూడుసార్లూ అదే అంకె. హెలెన్ ఎంత తొందరగా నేర్చుకుందో అనుకున్నాను.

అంతలో నా వెనక మెట్ల మీద కప్పుల చప్పుడు. ట్రేలో మూడు టీలతో హెలెన్.

"సారీ డియర్, కెటిల్ ఆలస్యం చేసింది. నువ్వు పుస్తకంలో ఏదో రాసుకుంటుంటే కిందికి వెళ్లాను."

ఆమె కెటిల్ దగ్గరున్నంతసేపూ పక్కనే ఉన్నానని ప్రవీణ్ చెప్పాడు. ఇంట్లో మేం ముగ్గురమే.

ముగ్గురం అవతలి అరలోకి వెళ్లాం. టేపు కొస చివరి గోడ మొదట్లో నేల మీద పడి ఉంది. గోడ కింద పోస్టుకార్డు దూరేంత సందు కూడా లేదు. ప్రవీణ్ అదే సందులోంచి గది మొత్తం లేజర్‌తో కొలిచాడు. ఇరవై నాలుగడుగుల ఏడంగుళాలు.

"ఏడూ నాలుగూ అటూ ఇటూ అయ్యాయి ఆంటీ. వయసు!" అని నవ్వాడు.

"నిన్నటి షీటులో నువ్వు తలుపును గోడలోకి తెరిపించావు. ముందు అది దిద్దుకో" అన్నాను.

అన్నాను గానీ, నాకు లాగుళ్ల సంగతి గుర్తొచ్చింది. ఆ పద్ధతి నేను హెలెన్‌కు చెప్పనేలేదు. కొస పట్టాక ఏం చేస్తావని అడిగితే, "ఓకే అంటాను, ఇంకేం చేస్తాను?" అంది. టీ మొత్తం తాగాను, చల్లారనివ్వలేదు.

తర్వాత ఇంటి వెనక్కి వెళ్లాం. తీగ దట్టంగా అల్లుకుని ఉండటంతో అటువైపు బయటి కొలత ఎవరూ తీయలేదు. ప్రవీణ్ తీగ కత్తిరించాడు. బయట ఇరవై ఎనిమిదడుగుల నాలుగంగుళాలు. రెండు చివర్ల గోడలు ఆరేసి అంగుళాలు. తీసేస్తే లోపల ఇరవై ఏడడుగుల నాలుగంగుళాలు ఉండాలి.

ప్రవీణ్ నవ్వు ఆగిపోయింది. "అమ్మో, ఆంటీ" అన్నాడు.

రెండడుగుల తొమ్మిదంగుళాలు ఎక్కడో దాగి ఉన్నాయి. ఇంటి యజమాని ఒప్పుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. వడ్రంగి వచ్చి చివరి గోడ పలక ఒకటి ఊడదీశాడు. టార్చి వేస్తే సన్నటి మెట్లు, కౌరి చెక్కవే, పదకొండు. వెడల్పు రెండడుగుల ఎనిమిదంగుళాలు, పలక మందం ఒక అంగుళం. లెక్క సరిపోయింది. పక్క గోడలో నిలువెత్తు రంగుటద్దాల కిటికీ. బయటి నుంచి ఎవరో చెక్కలు కొట్టి మూసేశారు.

మర్నాడు పొద్దున్న ఆ చెక్కలు తీశారు. ఎర్రటి, నీలి వెలుగు మెట్ల మీద పడింది. హెలెన్ మూడో మెట్టు మీద కూర్చుని, "చెప్పానా లేదా!" అని ప్రవీణ్ మోకాలి మీద ఒకటి చరిచింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. పాట ఎత్తుకుంది. నేను తెచ్చిన పులిహోర, ఆమె చేసిన కేకు ఆ మెట్ల మీదే తిన్నాం. విచారణకు వచ్చిన అధికారులు కూడా ఒక్కొక్కరే ఎక్కి చూసి, ఆ రంగుల్లో ఫొటోలు దిగారు. ఇల్లు మొత్తానికీ రక్షణ వచ్చింది, వెనక భాగంతో సహా.

అసలు షీట్లు దాఖలు చేసేటప్పుడు ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. కింద మూల గడిలో కొలిచిన ఇద్దరి పేర్లూ రాయాలి. నా పేరు రాశాను.

"రెండోది హెలెన్ పేరు వేసేద్దాం ఆంటీ, ఎవరు అడుగుతారు?" అన్నాడు ప్రవీణ్.

"అప్పుడు నేను టీ పెడుతున్నాను. అబద్ధం రాయకండి" అంది హెలెన్.

రెండో గడి ఖాళీగానే పంపాను. నా ఉద్యోగంలో గానీ తర్వాత గానీ అలా పంపిన షీటు అదొక్కటే. ఆ కొస ఎవరు పట్టుకున్నారో, అది గోడ దాటి అవతలికి ఎలా వెళ్లిందో నాకు ఈ రోజుకీ తెలియదు. కొలత మాత్రం సరైనదే.